ఏడుపుకు పడ్డ చప్పట్లు

“వైరు ఇస్తవా, ఇయ్యవా?”

మొగుడు దినేష్ అలా అడగడం ఇది మూడోసారి. ప్రేమలత తలెత్తలేదు. చాటలో పుంటికూర ఆకు తుంపుతూనే ఉంది. డిష్ బాక్సుకు కరెంటిచ్చే వైరు ఆమె కొంగుముడిలో ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ముడి విప్పి తీసుకునే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

“పదకొండైంది. ఒంటిగంటకు షో. బా పొద్దటి సంది ఇస్త్రీ అంగి తొడుక్కొని కూసున్నడు.”

“కూసోనియ్.”

“తండల సగం మంది మనింటికే వస్తరు సూడనీకి. వాళ్లకేం చెప్పాలె?”

“మా యాడి టీవీల కోడలి పేరు వెట్టి ఏడ్సింది, ఇనిపోదురు రాండ్రి అని చెప్పు.”

ఈ మాటలన్నీ వాళ్ళ తండా భాషలోనే నడిచాయి. కోపమొచ్చినప్పుడు ప్రేమలతకు తెలుగు నోట్లోకి రాదు. కథ చెప్పుకోవాలి గనక మనం తెలుగులో చెప్పుకుంటున్నాం. యాడి అంటే అమ్మ, బా అంటే నాన్న. కోడళ్ళు కూడా అత్తమామల్ని అలాగే పిలుస్తారు.

దినేష్ ఆటో తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఆదివారం పూట బాన్సువాడ, బీర్కూర్ మధ్య నాలుగు ట్రిప్పులు కొట్టేవాడు, ఇవాళ తమ్ముడి షో అని బండి బయటికి తీయలేదు. అటు బండీ పోయె, ఇటు షో కూడా పోయేలా ఉంది.

గొడవంతా మంగళవారం నాటిది. దినేష్ తమ్ముడు వినోద్ ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో కామెడీ షోలు చేస్తున్నాడు. ఈసారి ఆర్టిస్టుల తల్లులందరినీ పిలిచి ఒక ప్రత్యేక ఈవెంటు పెట్టారు. కారు పంపి వినోద్ తల్లి దేవీబాయిని, తోడుగా ఆమె కూతురు గీతను తీసుకుపోయారు. వినోద్ అచ్చం తల్లిలా లేడీ గెటప్ వేసుకుని స్టేజి మీద నడుస్తుంటే, వెనక నుంచి అసలు తల్లిని తెచ్చి నిలబెట్టారు.

పద్నాలుగు నెలల తర్వాత కన్నకొడుకు కనబడితే తండా ఆడది ఏం చేస్తుంది? మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది.

తండా ఏడుపు ఉత్త కన్నీళ్ళు కాదు. దానికి రాగముంటుంది, మాటలుంటాయి. ఎన్నాళ్ళకు కనబడ్డావని మొదలై, ఇంటి మంచీ చెడూ, పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ అన్నీ ఆ రాగంలో వరసగా వచ్చేస్తాయి. ఎవరి భుజం మీద తల పెట్టి ఏడుస్తున్నారో ఆ చెవి కోసమే ఆ మాటలు. కానీ దేవీబాయి రవికకు అక్కడి వాళ్ళు గుండీ అంత మైకు ఒకటి తగిలించారు. అదేమిటని ఆమె అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

ఎదురుగా కూర్చున్న జనం అదంతా స్కిట్టులో భాగమనుకుని పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో, గ్యాలరీలో వెనక వరసన కూర్చున్న గీతకు వినబడ్డది ఒక్కటే మాట. ప్రేమలత అనే పేరు, రెండుసార్లు.

ఇంటికొచ్చి ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెప్పి నాలిక కరుచుకుంది. ఏడుపులో కోడలి పేరు వచ్చిందంటే ఎందుకొస్తుందో తండాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“వదినె, నేను మంచిగ ఇనలే. మెచ్చుకున్నదేమో,” అంది గీత ఇప్పుడు, గుమ్మం పట్టుకుని.

“మెచ్చుకునేటిది గిన్నెల అన్నం వెట్టేటప్పుడు మెచ్చుకుంటది. ఏడ్సుకుంట ఎవరు మెచ్చుకుంటరు?”

వసారాలో మంచం మీద మామ తావుర్యా ఫోను పట్టుకుని శుక్రవారం వచ్చిన ప్రోమోను నూటపదోసారి చూస్తున్నాడు. ముప్పై సెకన్ల ప్రోమో. దేవీబాయి నోరు తెరవగానే వయొలిన్ మోగుతుంది, ఒక్క మాటా వినిపించదు. జడ్జి కళ్ళు తుడుచుకుంటూ కనబడతాడు.

“ఆ కండ్లు తుడ్సుకునేది వేరే కాడిది,” అన్నాడు తావుర్యా గట్టిగా, ఎవరూ అడగకపోయినా. “ప్రోమోల గట్లనే అతుకుతరు. ఇది స్కిట్టు గాదు, ఈవెంటు. స్కిట్టయితే ఆరు నిమిషాలు, పంచ్ మీద పంచ్ వడాలె. స్టాండప్పయితే ఒక్కడే నిలవడాలె. స్పూఫయితే ముందుగాల అసలు సినిమా సూసి ఉండాలె. ఈవెంటుకు ఏం లేదు, నవ్వుడు, ఏడ్సుడు, తినుడు, అన్నీ ఉంటయి.”

మగపిల్లవాడు ఆడవేషం కడితే కాళ్ళు విరగ్గొడతానన్న మనిషి ఇతనే. ఇప్పుడు ఏ చానల్లో ఏ వారం ఏ కామెడీ వస్తుందో, దేంట్లో జడ్జీలు ఉంటారో, దేంట్లో నవ్వించకపోతే నీళ్ళలో తోస్తారో ఆయన్నే అడగాలి. దేవీబాయికి అంత తెలియదు. కుర్చీలున్న షో, నీళ్ళున్న షో, అంతే ఆమె లెక్క.

ప్రేమలత చాట పక్కన పెట్టి లేచింది. పెరట్లోకి నడిచింది. దేవీబాయి బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చుంది. అయిదు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. అన్నం గిన్నె మధ్యలో పెట్టి ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటున్నారు.

“ఏమన్నవ్ యాడి నా గురించి?”

దేవీబాయి వేళ్ళు ఆగాయి.

“తొమ్మిదేండ్లయింది నేను ఈ ఇంటికొచ్చి. ఒక్క దినం నీ మాటకు ఎదురు చెప్పిన్నా? నీ కాలు ఇరిగినప్పుడు ఎవరు ఎత్తుకపోయిన్రు నిన్ను దవాఖానకు? ఏం తక్కువ జేసినో నా మొఖం మీద చెప్పు. టీవోళ్ళ ముంగట ఎందుకు?”

“ఏం తక్కువ జెయ్యలే.”

“మరి ఏమన్నవ్?”

“ఏడ్పుల అన్నది మల్ల నోటితోని అనద్దు బిడ్డ. మా యాడి గట్లనే చెప్పింది నాకు. ఏడ్పుల అన్నది గాడనే ఇడిసిపెట్టాలె.”

“గాడనే ఇడిసిపెట్టినవా? దేశమంత చూపెడుతుండ్రు!”

దేవీబాయి చేతిలోని బియ్యం మళ్ళీ చాటలోకి జార్చింది. అందులో ప్రేమలతకు అత్త తప్పే కనబడింది. ఒళ్ళు మండిపోయింది.

విసురుగా ఇంటి పక్క సందులోకి నడిచేసరికి ఫోను మోగింది. వినోద్.

“వదినె, ఒక్కదానివే ఉన్నవా?”

“ఉన్న. చెప్పు.”

“డైరెక్టర్ కాళ్ళు మొక్కిన వదినె, గా ముక్క తియ్యమని. ఆయనకు మన మాట రాదు. గీ ఏడ్పే షోల హైలెట్ అంటుండు. మాటలు తియ్యమంటే, మాటలు ఎవరికి సమజయితయిరా అంటుండు.”

“నన్ను తిట్టిందా?”

నాలుగు కోట్ల మందిని నవ్విస్తానని చెప్పుకునే పిల్లవాడు ఒక్క వదినె ముందు గొంతు తగ్గించాడు.

“ఫేటియా సంగతి అన్నది వదినె. యాడికి తెలుసు. మొదటి సంది తెలుసు. నువ్వు మీ యాడికి ముందుగాల ఫోన్ చేసి చెప్పు. టీవీల ఇనేకంటే నీ నోట ఇనుడు మంచిగుంటది.”

ప్రేమలత గోడకు ఆనుకుంది. కోపం ఎటు పోయిందో పోయింది. దాని చోట భయం వచ్చి కూర్చుంది.

ఆరేళ్ళ కిందట వినోద్‌కు నిజామాబాద్‌లో కామెడీ షో సెలక్షన్. తండా ఆడమనిషి వేషం కట్టాలనుకున్నాడు. కట్టడానికి బట్టల్లేవు. తండ్రికి తెలిస్తే ప్రాణం తీస్తాడు. వంటింట్లో గోడకు ఆనుకుని మరిది ఏడుస్తుంటే ప్రేమలత చూడలేకపోయింది. పెట్టె తెరిచి తన పెళ్ళి ఫేటియా, తండా ఆడవాళ్ళు కట్టే గాగరా, తీసి ఇచ్చింది. ఆ గాగరా మీద ప్రతి అద్దమూ, ప్రతి గవ్వా ఆమె తల్లి హీరాబాయి కుట్టినవే. మూడేళ్ళు కుట్టింది. సెలక్షనయితే అయ్యింది గానీ, మగవాడి నడుముకు పట్టాలని షో బట్టలు చూసేవాళ్ళు కుట్లు విప్పేశారు. తర్వాత అది ఏ కంపెనీ పెట్టెలోకి పోయిందో మళ్ళీ తిరిగి రాలేదు.

కాలువలో ఉతుకుతుంటే కొట్టుకుపోయిందని ప్రేమలత అందరికీ చెప్పింది. మొగుడికీ అదే చెప్పింది. తల్లికీ అదే చెప్పింది.

హీరాబాయి తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ రోజు నుంచి కూతురు ఎదురైతే “వచ్చినవా” అనడం, పనిలో పడిపోవడం. పెళ్ళిళ్ళలో, తీజ్ పండగలో తల్లులూ కూతుళ్ళూ మెడలు పట్టుకుని ఏడుస్తుంటే ప్రేమలత పక్కన నిలబడి చేతులు నలుపుకునేది. వినోద్ పేరు తెచ్చుకున్నాక, తావుర్యా కోపం గర్వంగా మారాక నిజం చెప్పేయవచ్చు. చాలాసార్లు అనుకుంది. ఆరేళ్ళు మోసిన అబద్ధాన్ని ఏ మాటతో దించాలో ఆమెకు తెలియలేదు.

తల్లికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. బిచ్కుంద దగ్గర ఆ తండాలో కూడా ఇప్పుడు అందరూ టీవీ ఉన్న ఇంట్లో కూర్చుని ఉంటారు. వినోద్ అంటే వాళ్ళకూ మన పిల్లగాడే. హీరాబాయి ఫోను ఎక్కడో గూట్లో మోగుతూ ఉంటుంది.

పన్నెండున్నరకు ప్రేమలత ఇంట్లోకి వచ్చింది. కొంగుముడి విప్పి వైరు దినేష్ చేతిలో పెట్టింది.

“పెట్టు.”

“ఏమైంది?”

“ఊరంత ఇంటది. నేనొక్కదాన్ని చెవులు మూసుకుంటే లాభమేంది?”

ఒంటిగంటకు గది నిండింది. పిల్లలు టీవీ ముందు, మగవాళ్ళు మంచం మీద, ఆడవాళ్ళు గోడవారన. తావుర్యా రిమోటు తన చేతిలోనే పెట్టుకున్నాడు. ప్రేమలత మామ ఎదుట కాబట్టి ముసుగు దించుకుని తలుపు పక్కన నిలబడింది. ఆ ముసుగు ఇవాళ ఎంత అక్కరకొచ్చిందో ఆమెకే తెలుసు. దేవీబాయి లోపలికి రాలేదు.

షో మొదలైంది. ఒక ఆర్టిస్టు తల్లి చేత డాన్సు చేయించారు. ఒకరి తల్లికి కళ్ళకు గంతలు కట్టి కొడుకు చెయ్యి ఏదో చెప్పమన్నారు. “ఇది గేమ్ రౌండు,” అని తావుర్యా అందరికీ వివరించాడు. “నవ్వులు తర్వాత కలుపుతరు. సూడుండ్రి, వాళ్ళ నోళ్ళు మూసుకునే ఉన్నయి, నవ్వు ఇనవడుతుంది.”

వినోద్ వచ్చాడు. దేవీబాయి నడక, దేవీబాయి మెటికలు విరుపు, దేవీబాయి కొడుకును అన్నానికి పిలిచే పిలుపు. గది గోలగోలగా నవ్వింది. ప్రేమలతకు కూడా నవ్వొచ్చింది. ఎంతటి దిగులులోనైనా వీడు నవ్వించగలడు, ఆ గుణం మాత్రం వీడికి దేవుడిచ్చింది.

తర్వాత యాంకర్ వెనక్కి చెయ్యి చాపింది. దేవీబాయి స్టేజి మీదికి వచ్చింది. కొడుకును చూసింది. చేతులు వేసింది.

ఈసారి వయొలిన్ లేదు. మైకులో ప్రతి మాటా గింజ గింజగా వినిపించింది.

“ఓ నా కొడకా, ఎన్ని దినాలకు దొరికినవ్ రా. నిన్ను టీవీ డబ్బల సూసిన, ముట్టుకుంటే అద్దం సల్లగ తాకింది రా. గీ వేషం నీకు తొలుత ఎవరు కట్టిచ్చిన్రో నాకెర్కనే రా. ప్రేమలత కట్టిచ్చింది రా. తల్లి మూడేండ్లు కండ్లు వెట్టి కుట్టిన పెండ్లి ఫేటియా తీసి ఇచ్చింది రా. కాలువల పోయిందన్నది, కాలువ ఏం పాపం జేసింది రా.”

టీవీలో జనం నవ్వారు. తెర మీద రెండు చేతులు చప్పట్లు కొడుతున్న బొమ్మ ఎగిరింది. గదిలో ఎవరూ నవ్వలేదు. పిల్లలు కూడా వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు.

“తలుపు సందుల నుంచి నేను సూసిన రా. సూసి నోరు మూసుకున్న రా. అడిగితే మీ బా నిన్ను గుంజుకొస్తడని భయమయింది రా. నా కోడలు ప్రేమలత నీ కోసం తన తల్లి మెడ పోగొట్టుకున్నది రా. నా కొడుకు కడుపు నిండింది, ఆ పిల్ల తల్లి లేనిదయింది రా. నేనెట్ల తీర్చుకుందు రా, ఏ మొఖం వెట్టి చెప్పుదు రా.”

జడ్జి బల్ల మీద చరుస్తూ నవ్వుతున్నాడు. అమ్మ ఇరగదీసింది అంటోంది యాంకర్. వినోద్ మాత్రం నవ్వట్లేదు. తల్లి వీపు నిమురుతున్న అతని చేతుల్ని దగ్గరగా చూపించారు.

ముసుగులో ప్రేమలత ఏడ్చేసింది. పరువు పోయిందని కాదు. ఆరేళ్ళుగా ఒక్కతే మోస్తున్నాననుకుంది. చూసినవాళ్ళు ఒకరున్నారు. అన్నం వడ్డిస్తూ, బియ్యం ఏరుతూ, కాలు విరిగి మంచాన పడి, ఆరేళ్ళూ ఆ మనిషి తనను చూస్తూనే ఉంది. అయిదు రోజులుగా తను మాట్లాడనిది ఆ మనిషితోనా అని ప్రేమలతకు సిగ్గు ముంచుకొచ్చింది.

దినేష్ లేచాడు. భార్య ముందుకొచ్చి ఆగాడు.

“ఆరేండ్లు. నాకు కూడ చెప్పలే.”

“చెప్తే నువ్వు బాకు చెప్తుంటివి.”

అతను చెప్పులు కాళ్ళకు తొడుక్కుని బయటికి పోయాడు. ఆటో స్టార్టయిన చప్పుడు, తండా మలుపు దాటిన చప్పుడు వినిపించాయి.

తావుర్యా టీవీ ఆపేశాడు. చూడవచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దాయన తల వంచుకుని రిమోటును అటూ ఇటూ తిప్పాడు. కోడలితో మామ నేరుగా మాట్లాడడు. అందుకని కూతుర్ని పిలిచాడు.

“గీతా, మీ వదినెకు చెప్పు. ఆ దినం నాకు తెల్సి ఉంటే పోరన్ని తన్ని పట్టుకొస్తుంటిని. వాడు గిప్పుడు ఏడనో మేస్త్రీ కింద ఇటుకలు మోస్తుండె. ఆమె అబద్ధమే వాన్ని నిలవెట్టింది. ముసలోడు దండం వెడుతుండు అని చెప్పు.”

ప్రేమలత మూడడుగుల దూరంలోనే ఉంది. గీత ఏడుస్తూ నవ్వుతూ, “వదినె, బా చెప్పమంటుండు,” అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయింది. ప్రేమలత ముసుగులోంచే చేతులు జోడించింది.

పెరట్లో దేవీబాయి అదే చోట ఉంది. ప్రేమలత వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. చాట దగ్గరికి లాక్కుని తనూ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

“గా మైకు సంగతి నాకు తెల్వదు బిడ్డ.”

“తెల్వదని నాకెర్కనే యాడి.”

“మీ యాడి ఇని ఉంటది.”

“ఇని ఉంటది.”

“దినేష్ ఏడికి వోయిండు?”

“ఏమో. అలిగిండు.”

అలిగిపోయాడనుకున్న దినేష్ అయిదింటికి తిరిగొచ్చాడు. ఆటో వాకిట్లో ఆగితే అత్తాకోడళ్ళిద్దరూ ముందుకొచ్చారు. వెనక సీట్లోంచి ఒక ముసలి చెయ్యి కమ్మీ పట్టుకుంది, చేతి నిండా దంతపు గాజులు. మొగుడు అలిగి పోలేదు. బిచ్కుంద దాకా పోయి, ప్రేమలత తల్లిని కూర్చోబెట్టుకుని వచ్చాడు. నిన్ను కట్టుకున్నందుకు నాకేం తక్కువయ్యా అని ఆ క్షణంలో అతనికి మనసులోనే మొక్కుకుంది.

హీరాబాయి దిగింది. పక్కిళ్ళ వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ప్రేమలత రెండడుగులు ముందుకేసింది. చేతులు వాటంతటవే పైకి లేచాయి.

హీరాబాయి కూతురి పక్క నుంచి నడిచి ముందుకు పోయింది. తిన్నగా వెళ్ళి దేవీబాయి ముందు నిలబడింది.

“అక్కా, సూసినవా నువ్వు?”

“సూసిన.”

“సూసి ఊకున్నవా?”

దేవీబాయి తల దించుకుంది.

“నా బిడ్డ మాట అబద్ధమని ఎర్కయుండి, నేను ఆమెను ముట్టకుండ ఉంటే తీజ్‌కు సూసినవ్, పెండ్లిళ్ళల్ల సూసినవ్. ఒక్కసారి నా చెవుల ఏస్తే ఏమైతుండె? నీ కొడుకును నువ్వు కాపాడుకున్నవ్. నా బిడ్డను నాకెవరు ఇయ్యాలె?” ఆమె గొంతు పెరగలేదు. “ఏడు అక్కా. టీవోళ్ళ ముంగట ఏడ్సినట్టు గిప్పుడు నా ముంగట ఏడు. మైకు లేకుండ ఏడు, నేనింట.”

దేవీబాయి నోరు తెరిచింది. స్టేజి మీద అంత ధారగా వచ్చిన గొంతు ఒక్క పలుకైనా పలకలేదు. తావుర్యా మంచం మీది నుంచి లేచి నిలబడ్డాడు. దినేష్ ఆటో పక్కన అలాగే ఆగిపోయాడు.

ప్రేమలత ఇద్దరి మధ్యకూ వచ్చింది. పొద్దున ఇదే అత్తను నిలదీసింది. ఇప్పుడు ఆ అత్త ముందు అడ్డంగా నిలబడి, తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, ఆరేళ్ళుగా గొంతులో ఆపుకున్న రాగం ఎత్తుకుంది.

“ఓ నా తల్లీ, అబద్ధం నాదే, కాలువదీ గాదు, ఈమెదీ గాదు. కాలు ఇరిగిన నాడు కూడ నన్ను బిడ్డా అనే పిలిసింది. ఈమెను ఏమనకు తల్లీ, ఈమె సూడకపోతే నన్ను సూసిన దిక్కే లేదు…”

తల్లి మెడ వేడిగా తగులుతోంది ప్రేమలత చెంపకు. ఏడుస్తూనే ఆమె ఎదురుచూస్తోంది. హీరాబాయి చేతులు ఇంకా కిందనే ఉన్నాయి.